నడిసంద్రంలో మర పడవ మొరాయిస్తే..!

* ఇంజిను కంటే ముందు ఇంధన మార్గాన్నే అనుమానించాలి
* ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా వరుసగా చూస్తేనే ఫలితం
* వేట విరామం ముగియకముందే ఒడ్డున పరీక్షించుకోవడం మేలు

చీపురుపల్లి: తెల్లవారకముందే వలలు సర్దుకుని పడవ వేటకు బయలుదేరుతుంది. ఒడ్డు కనుమరుగయ్యాక ఇంజిను స్వరం మారుతుంది. వేగం తగ్గుతుంది. కాసేపటికి పూర్తిగా ఆగిపోతుంది. తాడు లాగితే రెండుమార్లు దగ్గినట్లు శబ్దం చేసి ఊరుకుంటుంది. భుజాలు నొప్పి పుట్టేదాకా లాగినా ఫలితం ఉండదు. చిన్న మర పడవలపై ఆధారపడి జీవించే మత్స్యకారుల్లో ఈ అనుభవం ఎదురుకాని వారు అరుదు. ఇంజిను పాడైందని, వేలాది రూపాయల ఖర్చు తప్పదని వారు ఆందోళన చెందుతారు. అయితే అనేక సందర్భాల్లో ఇంజిను బాగానే ఉంటుంది. దానికి చేరవలసిన ఇంధనమే చేరదు. ట్యాంకు మూతపై బిగుసుకుపోయిన మర, గొట్టంలో సన్నని చీలిక, అడుగున చేరిన గుక్కెడు నీరు.. ఇంతటి స్వల్ప కారణాలకే పడవ నడిసంద్రంలో నిలిచిపోతుంది. లోపాన్ని ఏ వరుసలో వెదకాలో తెలిస్తే వీటిలో చాలావాటిని పడవలోనే సరిచేసుకునే వీలుంది.

రేవు లేని తీరం

విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి, తిప్పలవలస, కోనాడ, భోగాపురం మండలంలోని ముక్కాం, చేపలకంచేరు తదితర గ్రామాల మత్స్యకారులకు వేటే జీవనాధారం. పొరుగునున్న శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. ఈ గ్రామాల్లో చాలాచోట్ల ఇసుక ఒడ్డు నుంచే పడవను నీటిలోకి నెట్టాలి. విరిగిపడే కెరటాలను దాటి లోపలికి వెళ్లాలి. తిరుగు ప్రయాణంలోనూ అదే గండాన్ని దాటాలి. సరిగ్గా కెరటాల నడుమ ఇంజిను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. వెనుకనుంచి వచ్చే మరో కెరటం దానిని బోల్తా కొట్టించగలదు. వలలు, ఇంజిను, కొన్ని సందర్భాల్లో ప్రాణాలు సైతం దక్కవు. తూర్పు తీరంలో ఈ కష్టాన్ని గుర్తించే 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం ఇసుక ఒడ్డుకు నేరుగా చేరగల పడవల రూపకల్పనకు పూనుకొంది. పడవ ఎంత మంచిదైనా కెరటాన్ని దాటే ఆ కొద్ది నిమిషాలు ఇంజిను ఆగకుండా ఉండటమే కీలకం.

చీపురుపల్లి ప్రాంతానికి సముద్రం లేకపోయినా ఈ విషయంతో సంబంధం లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన సందర్భంగా శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చిన వంగర మండలంలోనే మడ్డువలస జలాశయం ఉంది. నాగావళికి వరద వచ్చినప్పుడు సహాయక బృందాలు దిగేది కూడా వెనుక ఇంజిను బిగించిన చిన్న పడవలతోనే. రైతులు భుజాన వేసుకుని మందు కొట్టే తైవాన్ పంపులలో అనేకం ఇదే తరహా రెండు స్ట్రోకుల ఇంజిన్లు. దిగువ పేర్కొన్న సూత్రాలలో చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

ఇంధనం నడిచే దారి

పడవ వెనుక చెక్కకు బిగించే ఇంజిన్లలో 8 నుంచి 10 అశ్వశక్తి కలవి చిన్న పడవలకు సరిపోతాయి. వీటికి ఇంధన ట్యాంకు విడిగా ఉంటుంది. ట్యాంకు మూతపై గాలి లోపలికి వెళ్లేందుకు చిన్న మర ఉంటుంది. ట్యాంకు లోపల అడుగుదాకా దిగిన గొట్టం, దాని చివర సన్నని జల్లెడ ఉంటాయి. అక్కడినుంచి రబ్బరు గొట్టం ఇంజినుకు వెళుతుంది. ఆ గొట్టం నడుమ చేతితో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. బల్బుకు రెండు చివరలా ఇంధనాన్ని ముందుకే పోనిచ్చే కవాటాలు ఉంటాయి. బల్బుపై ఉన్న బాణం గుర్తు ఎల్లప్పుడూ ఇంజిను వైపే చూడాలి.

ఇంజిను దగ్గర కనెక్టరు, ఫిల్టరు, ఆ తర్వాత ఇంధన పంపు ఉంటాయి. ఈ పంపులో పలుచని పొర ఉంటుంది. ఇంజిను తిరిగేటప్పుడు లోపల పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఆ పొర కదులుతూ ఇంధనాన్ని ట్యాంకు నుంచి లాగి కార్బురేటర్‌కు అందిస్తుంది. కార్బురేటర్ గిన్నెలో తేలే బెండు, దానితోపాటు కదిలే సూది ఇంధన మట్టాన్ని అదుపులో ఉంచుతాయి. వెంట్రుకంత సన్నని రంధ్రాలున్న జెట్ల ద్వారా ఇంధనం గాలిలో కలిసి ఇంజినులోకి వెళుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆటంకం కలిగినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే.. ఇంజిను ఆగిపోవడం. కనుకనే ఎక్కడ ఆగిందో కనిపెట్టడానికి ఒక క్రమం అవసరం.

ఇంధనమా? నిప్పురవ్వా?

మొదట తేల్చుకోవలసింది లోపం ఇంధనానిదా, ప్లగ్గుదా అన్నది. అత్యవసరంగా ఇంజినును ఆపేందుకు వాడే తాడు క్లిప్పు ఊడిందేమో ముందుగా చూడాలి. ఆ క్లిప్పు స్థానంలో లేకుంటే ఎంత లాగినా ఇంజిను పలకదు. ఆ తర్వాత ఐదారుమార్లు తాడు లాగి, ప్లగ్గును విప్పి చూడాలి. ప్లగ్గు కొన పూర్తిగా పొడిగా ఉంటే ఇంధనం రావడం లేదని అర్థం. తడిగా ఉండి ఇంధనం వాసన వస్తుంటే ఇంధనం చేరుతున్నట్టే. అప్పుడు నిప్పురవ్వ లోపమో, ఇంధనం అతిగా చేరడమో కారణం కావచ్చు. ప్లగ్గుపై నీటి బిందువులు కనిపిస్తే ఇంధనంలో నీరు కలిసిందని అనుమానించాలి.

నడుస్తున్న ఇంజిను ఆగే తీరులోనూ తేడా ఉంటుంది. స్విచ్ ఆపినట్లు ఒక్కసారిగా ఆగితే విద్యుత్ లోపం కావచ్చు. వేగం తగ్గుతూ, పుంజుకుంటూ, తడబడుతూ ఆగితే సాధారణంగా ఇంధన లోపమే. ఈ తేడాను చెవితో పసిగట్టడం అలవరచుకుంటే సగం పని తీరినట్టే.

బల్బు చెప్పే సంగతులు

ఏ పనిముట్టూ అవసరం లేని పరీక్ష రబ్బరు బల్బే. దానిని బాణం గుర్తు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని నొక్కాలి. కొన్ని నొక్కులకు అది గట్టిపడాలి. అలా గట్టిపడితే కార్బురేటర్ గిన్నె నిండిందని అర్థం. ఆ తర్వాత బల్బు ఎలా ఉందన్నదాన్ని బట్టి లోపం ఏ వైపున ఉందో తెలుస్తుంది.

ఇంజిను నడుస్తుండగా బల్బు లోపలికి నొక్కుకుపోయి చదునైతే బల్బుకు ముందు, అంటే ట్యాంకు వైపు ఆటంకం ఉంది. గాలి మర మూసుకుపోవడం, ట్యాంకులోని జల్లెడకు చెత్త పట్టడం, గొట్టం మెలిక పడటం ఇందుకు కారణాలు.

ఎంత నొక్కినా బల్బు గట్టిపడకపోతే ట్యాంకులో ఇంధనం అడుగంటి ఉండాలి, లేదా ఎక్కడో గాలి చొరబడుతుండాలి, లేదా బల్బు కవాటాలు పాడై ఉండాలి.

బల్బు గట్టిగానే ఉండి, ఇంజినుకు మాత్రం ఇంధనం చేరకపోతే ఆటంకం బల్బు తర్వాత ఉంది. ఫిల్టరు, కార్బురేటర్ సూది, జెట్లు.. వీటిని అనుమానించాలి.

బల్బు నొక్కుతూనే ఉంటే కార్బురేటర్ నుంచి ఇంధనం కారుతుంటే సూది తెరుచుకునే ఉండిపోయింది. లోపల చెత్త చిక్కుకోవడం దీనికి ప్రధాన కారణం. కార్బురేటర్ గిన్నె పక్కన స్క్రూడ్రైవర్ పిడితో మృదువుగా తట్టితే కొన్నిసార్లు సూది తన స్థానంలో కూర్చుంటుంది. కారిన ఇంధనాన్ని పూర్తిగా తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగిన తర్వాతే తాడు లాగాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. ఇంజిను తడబడుతున్న సమయంలో ఒకరు బల్బును వరుసగా నొక్కాలి. అలా నొక్కినంతసేపూ ఇంజిను చక్కగా నడిచి, మానగానే తిరిగి తడబడితే ఇంజినులోని పంపు బలహీనపడిందని, లేదా గొట్టంలోకి గాలి చొరబడుతోందని గ్రహించాలి. ఈ పరీక్షే ఆపద సమయంలో ఉపాయం కూడా అవుతుంది. ఒకరు బల్బు నొక్కుతూ, మరొకరు చుక్కాని పట్టుకుంటే నెమ్మదిగా ఒడ్డు చేరవచ్చు.

మూత మీద మర.. ముందుగా చూడవలసింది

ఇంజిను బయలుదేరిన కొద్ది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే మళ్లీ నడుస్తుంది. మళ్లీ ఆగుతుంది. ఇది ట్యాంకులోకి గాలి అందడం లేదనడానికి స్పష్టమైన సంకేతం. ఇంధనం తగ్గిన మేరకు గాలి లోపలికి చేరకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యాన్ని జయించి ఇంధనాన్ని లాగే శక్తి చిన్న పంపుకు ఉండదు. మూతను కొద్దిగా వదులు చేసినప్పుడు గాలి లోపలికి వెళ్లే ‘స్స్’ మన్న శబ్దం వచ్చి, ఆ తర్వాత ఇంజిను నడిస్తే కారణం తెలిసినట్టే.

ఒడ్డున ట్యాంకును మోసేటప్పుడు ఒలకకుండా ఈ మరను బిగిస్తారు. పడవలో పెట్టాక విప్పడం మరచిపోతారు. ఉప్పు, ఇసుక చేరి ఆ రంధ్రం పూడుకుపోవడమూ సాధారణమే. ఖర్చు లేకుండా సరిచేయగల లోపాన్ని గుర్తించక కార్బురేటర్‌ను ఊడదీసేవారు ఉన్నారు. అందుకే ముందుగా మూతను చూడాలి.

అడుగున నీరు

సముద్రంపై తిరిగే ఇంధనంలోకి నీరు చేరడానికి దారులు అనేకం. కెరటం చిమ్మినప్పుడు మూత సందుల నుంచి చేరుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు రాత్రిపూట తేమ పట్టి బిందువులై కిందికి జారుతుంది. డబ్బాలలో, పీపాలలో నిల్వ చేసిన ఇంధనంలో ముందే కలిసి ఉండవచ్చు. పెట్రోలు, కిరోసిన్ రెండూ నీటి కంటే తేలికైనవి. కనుక నీరు అడుగుకు చేరుతుంది. గొట్టం లాగేది కూడా అడుగునుంచే.

పరీక్ష సులభం. ట్యాంకు అడుగునుంచి కొంత ఇంధనాన్ని తెల్లని గాజు సీసాలోకి తీసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు ఉన్నట్టే. అప్పుడు ట్యాంకును, గొట్టాన్ని, ఫిల్టరును, కార్బురేటర్ గిన్నెను పూర్తిగా ఖాళీ చేయాలి. గిన్నె అడుగున ఇందుకోసమే చిన్న మర ఉంటుంది. ట్యాంకు ఒక్కటే మార్చి ఊరుకుంటే గిన్నెలో నిలిచిన నీరు ఇంజినును మళ్లీ ఆపుతుంది. ఇంధనం పోసేటప్పుడు సన్నని జల్లెడ ఉన్న గరాటు వాడితే చెత్త చాలావరకు ఆగుతుంది. మామూలు పలుచని గుడ్డ చెత్తను ఆపుతుందే గాని నీటిని ఆపదని గుర్తుంచుకోవాలి.

ఇథనాల్‌తో కొత్త జాగ్రత్త

దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయాలు 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి విస్తృతమయ్యాయి. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. పరిమితి దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. రెండు స్ట్రోకుల ఇంజినుకు ఇది మరింత హానికరం. కలిపిన ఆయిలు పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగునుంచి ఇంజినుకు చేరే ద్రవంలో ఆయిలు ఉండదు. ఇలా విడిపోయిన పెట్రోలును కలియబెట్టి వాడటం తగదు. పారేయవలసిందే.

పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాచర్లు ఇథనాల్‌కు మెత్తబడి ఉబ్బే అవకాశం ఉంది. లోపలి పొర ఊడి, ఆ ముక్కలే ఫిల్టరుకు అడ్డుపడవచ్చు. పాత ఇంజిను ఉన్నవారు గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూస్తుండాలి. మెత్తబడినా, జిగురుగా ఉన్నా, వంచినప్పుడు పగుళ్లు కనిపించినా వెంటనే మార్చాలి. తేమ గల తీరంలో పెట్రోలును వారాల తరబడి నిల్వ ఉంచకుండా అవసరమైన మేరకే కొనుగోలు చేయడం మంచిది.

గొట్టంలో గాలి, ఫిల్టరులో చెత్త

ఎండకు, ఉప్పుకు రబ్బరు గొట్టం బిరుసెక్కుతుంది. కనెక్టరు లోపలి రబ్బరు రింగు అరుగుతుంది. పంపు లాగేటప్పుడు ఆ సందుల నుంచి ఇంధనానికి బదులు గాలి లోపలికి వెళుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయమేమిటంటే లోపలికి గాలి పీల్చే చీలిక నుంచి ఇంధనం బయటికి కారకపోవచ్చు. అందుకే కంటికి ఏమీ కనిపించదు. బల్బును గట్టిగా నొక్కి పట్టి ప్రతి అతుకునూ పరిశీలిస్తే తడి కనిపించే అవకాశం ఉంది. క్లిప్పులు వదులైతే బిగించాలి. రింగు అరిగితే మార్చాలి. చవకగా దొరికే ఈ రింగులు రెండు పడవలో ఉంచుకోవడం తెలివైన పని.

కనెక్టరు సగమే కూర్చున్నప్పుడు కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. ‘టక్’ మన్న శబ్దం వచ్చేదాకా దానిని నొక్కాలి. ఫిల్టరు గిన్నె పారదర్శకంగా ఉంటే అందులో చెత్తగాని, నీటి పొరగాని ఉన్నదీ లేనిదీ బయటినుంచే తెలుస్తుంది. ఇంజినుకు కొద్దిపాటి వేగంలో ఇబ్బంది లేకుండా, పూర్తి వేగం అందుకోబోతే ఆగిపోతుంటే ఫిల్టరు పాక్షికంగా మూసుకుపోయిందని భావించవచ్చు. తక్కువ వేగానికి సరిపోయే ఇంధనం ఎక్కువ వేగానికి చాలదు.

కార్బురేటర్.. ఒడ్డునే విప్పాలి

పై పరీక్షలన్నీ పూర్తయ్యాకే కార్బురేటర్ జోలికి వెళ్లాలి. చోక్ లాగి ఉంచినంతసేపే ఇంజిను నడుస్తుంటే ఇంధనం పాలు తక్కువై, గాలి పాలు ఎక్కువైందని అర్థం. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగిపోతుంటే చిన్న జెట్, వేగం పెంచినప్పుడు ఆగిపోతుంటే పెద్ద జెట్ పూడుకుపోయి ఉండవచ్చు. నెలల తరబడి వాడకుండా వదిలేసిన ఇంధనం ఆవిరై, మిగిలిన జిగురు జెట్లలో గట్టిపడుతుంది.

జెట్లను శుభ్రం చేయడానికి ఇనుప తీగ, సూది వంటివి వాడరాదు. రంధ్రం కొద్దిగా పెద్దదైనా ఇంధనం లెక్క తప్పుతుంది. శుభ్రపరిచే ద్రవంలో నానబెట్టి, గాలితో ఊదడమే సరైన విధానం. బెండు ఎత్తును, సూది కొనను పరిశీలించాలి. సూది కొనకు గాడి పడితే మార్చాలి. సముద్రంలో ఊగుతున్న పడవపై కార్బురేటర్‌ను విప్పడం మంచిది కాదు. ఒక్క జెట్ చేజారి నీటిలో పడితే ఇంజినును ఇక నడిపించే మార్గం ఉండదు. అక్కడ గిన్నె అడుగు మర విప్పి నీరు వదలడం వరకే పరిమితం కావాలి.

కిరోసిన్ ఇంజిన్ల తీరు వేరు

కిరోసిన్‌తో నడిచే ఇంజిన్లను పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. కిరోసిన్ చల్లటి ఇంజినులో తేలికగా ఆవిరి కాదు. అందుకే ఆపే సమయంలోనూ కొన్ని నిమిషాల ముందు తిరిగి పెట్రోలుకు మార్చి, కార్బురేటర్ గిన్నెలోని కిరోసిన్ ఖర్చయ్యాకే ఆపాలి. దీనిని పాటించక కిరోసిన్‌పైనే ఆపేస్తే మరుసటి ఉదయం ఎంత లాగినా ఇంజిను లేవదు. ఇది లోపం కాదు. అలవాటులోని పొరపాటు. అప్పుడు గిన్నెను ఖాళీ చేసి, పెట్రోలు నింపి, ప్లగ్గు తుడిచి మొదలుపెడితే సరిపోతుంది.

ఇంధనాన్ని మార్చే కాక్ సగంలో నిలిచినా ఇబ్బందే. రెండింటిలో ఏదీ సరిగా చేరదు. కెరటాలను దాటుతున్నప్పుడు ఇంధనం మార్చే ప్రయత్నం ఎంతమాత్రం చేయరాదు. మార్చవలసి ఉంటే కెరటాలకు ఇవతలే మార్చి, ఇంజిను నిలకడగా నడుస్తోందని నిర్ధారించుకోవాలి.

ఇంధనం తగ్గితే ఆయిలూ తగ్గుతుంది

రెండు స్ట్రోకుల ఇంజినుకు వేరుగా ఆయిలు గది ఉండదు. ఇంధనంలో కలిపిన ఆయిలే పిస్టన్‌కు, బేరింగులకు జిడ్డునిస్తుంది. కాబట్టి ఇంధనం చాలకుండా నడిచే ఇంజిను, ఆయిలు చాలకుండా కూడా నడుస్తున్నట్టే. తడబడుతున్న ఇంజినును పూర్తి వేగంతో బలవంతంగా నడిపితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. చిన్న రింగు మార్చితే పోయే లోపం ఇంజిను మొత్తాన్ని విప్పవలసిన స్థితికి చేరుస్తుంది.

ఆయిలు పాళ్లను ఇంజిను తయారీదారు పుస్తకంలో సూచించిన మేరకే కలపాలి. 50 పాళ్ల ఇంధనానికి ఒక పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25 పాళ్లకు ఒకటి అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయరాదు. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి ఆగుతుంది. తక్కువైతే పిస్టన్ పోతుంది. టీసీ–డబ్ల్యూ3 అని ముద్రించిన ఆయిలు పడవ ఇంజిన్ల కోసం తయారైనది. నాలుగు స్ట్రోకుల వాహనాలకు వాడే ఆయిలును ఇందులో కలపడం తగదు.

డీజిల్ ఇంజిన్ అయితే..

పొడవాటి ఇరుసుతో నడిచే డీజిల్ ఇంజిన్లకు ప్లగ్గు, కార్బురేటర్ ఉండవు. ట్యాంకు గాలి రంధ్రం, నీరు, ఫిల్టరు పరీక్షలు మాత్రం వీటికీ సమానమే. ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఖాళీ అయితే గొట్టాల్లో గాలి చేరి, తిరిగి డీజిల్ పోసినా ఇంజిను పలకదు. ఫిల్టరు వద్ద ఉన్న మరను వదులు చేసి, చేతి పంపుతో బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించాలి. డీజిల్ అడుగంటకుండా చూసుకోవడం అన్నిటికన్నా సులభమైన నివారణ.

సముద్రంలో ఆగినప్పుడు

ఇంజిను ఆగగానే తాడు లాగడానికి పూనుకోవడం సహజం. కానీ ముందు చేయవలసింది పడవను నిలపడం. లోతు అనుకూలిస్తే లంగరు వేయాలి. గాలి పడవను కెరటాల వైపు నెడుతుంటే తెడ్లు సిద్ధం చేసుకోవాలి. అందరూ రక్షణ కోట్లు ధరించాలి. బీడీ, చుట్ట ఆర్పివేయాలి. ఇంజిను మూత తెరిచే చోట పెట్రోలు ఆవిరి పేరుకుని ఉంటుంది. ఆ తర్వాతే పరీక్షలు మొదలుపెట్టాలి. మూత మర, ఇంధన మట్టం, గొట్టం మెలిక, కనెక్టరు, బల్బు, ఫిల్టరు, గిన్నెలోని నీరు.. ఈ వరుస తప్పరాదు.

ఇంజిను లేవకపోతే బలం వృథా చేసుకోకుండా సహాయం కోరాలి. సముద్రంలో ఆపద సంభవిస్తే భారత తీర రక్షక దళానికి 1554 నంబరుకు, తీర భద్రత పోలీసులకు 1093 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒడ్డుకు దూరమయ్యే కొద్దీ ఫోన్ సంకేతాలు అందవు. కనుక ఇంజిను తొలిసారి తడబడినప్పుడే సమీపంలోని పడవలకు, ఒడ్డునున్న వారికి తెలియజేయాలి. వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, అనుకోని అవసరానికి మూడో వంతు ఇంధనం ఉంచుకోవాలన్న నియమం ప్రపంచమంతటా పడవలు నడిపేవారు పాటించేదే.

విరామం తర్వాతే అసలు పరీక్ష

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర పడవలతో వేట నిషేధం అమలవుతోంది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో రాష్ట్ర ప్రభుత్వం విరామ కాల భృతిని రూ.20 వేలకు పెంచి అందజేసింది. రెండు నెలలు ఆదాయం లేని కుటుంబాలకు ఆ మొత్తమే ఆధారం. వేట మొదలైన తొలి రోజే ఇంజిను పట్టేస్తే అప్పు చేయక తప్పదు.

రెండు నెలలు కదలకుండా ఉన్న ఇంజినే ఎక్కువగా మొరాయిస్తుంది. నిషేధం మొదలైనప్పుడే కనెక్టరు ఊడదీసి, ఇంజినును అది ఆగేదాకా నడిపి, గిన్నెను ఖాళీ చేయాలి. మంచినీటితో కడగాలి. ట్యాంకులో ఇంధనం వదిలిపెట్టరాదు. జూన్ రెండో వారంలో ఇంజినును నీరు నింపిన పీపాలో బిగించి నడిపి చూడాలి. నీరు లేకుండా నడిపితే చల్లబరిచే పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి. పాత ఇంధనాన్ని కొత్తదానితో కలపకుండా పూర్తిగా తాజా ఇంధనం వాడాలి. పావుగంటసేపు తక్కువ, ఎక్కువ వేగాలలో నడిపి, ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. గాలి మర మూసుకుపోవడం వంటి లోపాలు తొలి నిమిషంలో బయటపడవు. ఇంత సమయం కేటాయిస్తేనే తెలుస్తాయి.

ఇవి మరువరాదు

* వేటకు బయలుదేరే ముందు మూత మర విప్పాలి. బల్బు గట్టిపడిందో లేదో చూడాలి.
* కెరటాల్లోకి ప్రవేశించే ముందు ఇంజినును కొన్ని నిమిషాలు నడిపి నిలకడను గమనించాలి. తిరిగి వచ్చేటప్పుడు కెరటాలకు ఇవతలే ట్యాంకులో ఇంధనం సరిచూసుకోవాలి.
* ప్లగ్గు, ప్లగ్గు పానా, ఫిల్టరు, కనెక్టరు రింగులు, క్లిప్పులు, కొంత గొట్టం, స్క్రూడ్రైవర్, గాజు సీసా, పొడి గుడ్డ.. వీటిని నీరు చొరని డబ్బాలో పడవలో ఉంచాలి.
* విడిగా మూత బిగించిన డబ్బాలో కొన్ని లీటర్ల శుభ్రమైన ఇంధనం ఉంచుకోవాలి. ట్యాంకులో నీరు చేరిందని తేలితే ఒడ్డు చేరడానికి ఇదే ఆధారం.
* ఒకేసారి ఒక్క మార్పే చేసి ఇంజినును పరీక్షించాలి. నాలుగు చోట్ల చేయి పెడితే అసలు కారణం తెలియదు. అదే లోపం మళ్లీ ఎదురవుతుంది.
* పెట్రోలు వద్ద సెల్‌ఫోన్ దీపమో, బ్యాటరీ దీపమో తప్ప అగ్గిపుల్ల వెలిగించరాదు.
* తెడ్లు లేకుండా పడవ తీయరాదు. ఇంజిను ఎంత కొత్తదైనా ఈ జాగ్రత్త తప్పదు.

ఇంజిను మరమ్మతు తెలిసిన మెకానిక్ ఒడ్డునే ఉంటాడు. సముద్రంపై ఉన్నది పడవలోని వారే. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇంధనం నడిచే దారిని పడవలో ఒక్కరు కాక ఇద్దరు నేర్చుకోవాలి. ఒకరు చుక్కాని పట్టినప్పుడు మరొకరు బల్బు పట్టగలరు. వేట విరామంలో ఒక పూట ఇందుకు కేటాయిస్తే, ఇంజినును బాగుచేయించే ఖర్చు మిగలడంతోపాటు, కెరటాల నడుమ చిక్కుకునే గండమూ తప్పుతుంది.